అప్‌డేట్: ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయిపోయింది

నవంబర్‌లో అడిగాను కదా, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో మ్యాథ్స్ డిగ్రీ సీటు కోసం జరిగే ఇంటర్వ్యూకి వరంగల్‌లో ఇంట్లో కూర్చుని ఎలా సిద్ధం కావాలని. నిన్నటితో ముగిసింది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.

అన్నిటికన్నా పనికొచ్చింది "జవాబు కాదు, ఆలోచన పైకి చెప్పు" అన్న మాట. పదిహేను రోజులు మా లెక్కల సార్ ముందు కూర్చుని, ఎక్స్ పవర్ ఎక్స్ గ్రాఫ్ లాంటివి గీస్తూ, ప్రతి స్టెప్పూ ఇంగ్లీషులో వివరిస్తూ చేశాను. మొదటి మూడు రోజులు నోరు పెగల్లేదు. ఎంసెట్ కోసం మౌనంగా లెక్క చేసి ఆప్షన్ పెట్టడమే అలవాటు మరి. ఇంటర్వ్యూలో ఒకచోట తప్పుదారి పట్టాను. ట్యూటర్లు చిన్న హింట్ ఇచ్చి మళ్లీ ప్రయత్నించమన్నారు. అక్కడితో భయం పోయింది.

ఇంటర్వ్యూలో వాడే 'మీరో' (Miro) అనే యాప్ వైట్‌బోర్డు మీద స్టైలస్‌తో రాయడం ముందే సాధన చేయండి, కాగితం మీద రాసినట్టు ఉండదు. డిసెంబర్‌లో అక్కడ ఉదయం 10 గంటలంటే మనకు మధ్యాహ్నం 3:30. సరిగ్గా ఆ వేళకే మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టర్, ఫోన్ హాట్‌స్పాట్ ఆదుకున్నాయి. ఫలితాలు జనవరిలో వస్తాయి, రాగానే చెబుతాను.