తోతాపురి సీజన్‌కి ముందు బయోఫిల్టర్‌లో కొత్త కల్చర్ వేయాలా, పాత బెడ్ చాలదా?

ఈటీపీ_చిత్తూరు
మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, నేను చూసేది దాని మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఈటీపీ). మురుగునీళ్లు చేరే కలెక్షన్ సంపుకీ, ఈక్వలైజేషన్ ట్యాంకుకీ మూతలేసి గంటకు 1000 ఘనమీటర్ల గాలి లాగి బయోఫిల్టర్‌కి, అంటే కంపు వాయువుల్ని బ్యాక్టీరియా తినేసే బెడ్‌కి పంపుతాం. బెడ్ 12.5 చదరపు మీటర్లు, లోతు 1 మీటరు. కొబ్బరి డొక్క ముక్కలు, చెక్క పేళ్లు, కంపోస్టు కలిపి వేశారు. సీజన్ మధ్యలో లోపలికొచ్చే గాలిలో హెచ్‌టూఎస్ (కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్) 50 పీపీఎం, అంటే పది లక్షల్లో 50 వంతుల దాకా ఉంటుంది. పోయిన సీజన్ ఆఖరులో బెడ్ కింద కారే నీళ్ల పీహెచ్ 2.1, అంటే బాగా ఆమ్లం. అప్పటినుంచి బ్లోయర్ ఆపే ఉంది. సీజన్‌కి ఇంకో నెల ఉంది. ఇప్పుడు సప్లయర్ 25 కిలోల కల్చర్ (ప్యాకెట్లలో అమ్మే బ్యాక్టీరియా) వేయించమంటున్నాడు. వేయించాలా?

ఇంజనీర్_తిరుపతి
తప్పకుండా వేయించండి. పీహెచ్ 2.1 అంటే బెడ్ చచ్చినట్టే. పైగా ఇన్ని నెలలు గాలీ, నీళ్లూ, మేతా లేవు. కాయ దిగిన రోజునుంచే లోడ్ పడుతుంది, బ్యాక్టీరియా దానంతటది పెరిగేదాకా ఆగే టైము మీకుండదు. ముందు నీళ్లతో కడిగి పీహెచ్ 7కి తెచ్చి, కల్చర్ వేసి, పది రోజులు నడిపి పెట్టుకోండి.

స్వర్ణముఖి
ఇంజనీర్ గారూ, ఆ ఆమ్లం చేసిందే బ్యాక్టీరియా. అసిడిథయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్‌కి పీహెచ్ 2 నుంచి 3 అంటే సొంతిల్లు. 1 దగ్గర కూడా బతుకుతుంది. హెచ్‌టూఎస్‌ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చడమే దాని బతుకుతెరువు. లెక్క చూడండి. 50 పీపీఎం అంటే ఘనమీటరుకు సుమారు 70 మిల్లీగ్రాములు. గంటకు 70 గ్రాములు, రోజుకు 1.7 కిలోలు. కిలో హెచ్‌టూఎస్‌కి 2.9 కిలోల ఆమ్లం వస్తుంది, అంటే రోజుకు దగ్గరదగ్గర 5 కిలోలు. చచ్చిన బెడ్ ఇంత ఆమ్లం చేయదు.
ఇక ప్యాకెట్ల సంగతి. చాలావాటిలో ఉండేది బాసిల్లస్ రకాలు. అవి సేంద్రియ పదార్థం తింటాయి, హెచ్‌టూఎస్ లాంటి సల్ఫైడ్ మీద బతకవు. కావలసిన విత్తనం మీ ఏరేషన్ ట్యాంకులోనే ఉంది. అందులోని బ్యాక్టీరియా బురద (స్లడ్జ్) 250 లీటర్లు వడగట్టి, రోజు విడిచి రోజు మూడు విడతలుగా బెడ్ మీద చల్లండి. క్లోరిన్ కలిపిన నీళ్లు మాత్రం వాడకండి.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
మా అపార్ట్‌మెంట్ మురుగునీటి ప్లాంటుకి (ఎస్‌టీపీ) నెలనెలా కల్చర్ బిల్లు వస్తుంది, వాసన మాత్రం లిఫ్ట్ దాకా వస్తుంది. కల్చర్ అంతా బోగస్.

ఇంజనీర్_తిరుపతి
మీ బిల్లుకీ ఈ ప్రశ్నకీ సంబంధం లేదండీ. స్వర్ణముఖి గారూ, ఆ బ్యాక్టీరియా ఉందనే అనుకుందాం. పీహెచ్ 2లో కంపోస్టు ఏమవుతుంది? పిండై దిగబడుతుంది. కొత్తగా వేసినప్పుడు 30 మిల్లీమీటర్ల నీటిమట్టమున్న ప్రెషర్ డ్రాప్ (బెడ్ దాటడంలో గాలి పోగొట్టుకునే ఒత్తిడి) 150కి పోతుంది, బ్లోయర్ గాలి తోయలేదు. కింద కాంక్రీటు కూడా ఆమ్లానికి పోతుంది. పీహెచ్ 7 దగ్గర ఉంచాల్సిందే. కడప నాపరాయి చిప్స్ బెడ్‌లో కలపండి, అది సున్నపురాయే, ఆమ్లాన్ని అదే చంపుతుంది.

బ్లోయరన్న
పీహెచ్ తర్వాత చూద్దురు. నీళ్లు ఎట్ట పెడతా ఉండారో ముందు చెప్పండన్నా. ఎండాకాలం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు మూత సందుల్లోంచి బయటి గాలి దూరితే, ఒక్కో ఘనమీటరు గాలి బెడ్‌లోంచి 8 గ్రాముల దాకా నీళ్లు పీల్చుకోని పోతుంది. లాగే గాలంతా అట్టాంటిదే అయితే రోజుకు 200 లీటర్లు. పైన స్ప్రింక్లర్ కొట్టినా ఎండేది అడుగున, గాలి దూరే చోట. పైన తడి చూసి బాగుండాది అనుకుంటారు. బెడ్‌కి ముందు గాలిని తడిపే హ్యూమిడిఫైయర్ ఉండాల. అయిదు చోట్ల సగం లోతునుంచి పిడికెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు. ధార కారితే ఎక్కువైనట్టు. చేతికి తడే అంటకపోతే ఆడ ఏ కల్చర్ వేసినా దండగే.

స్వర్ణముఖి
బ్లోయరన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాపరాయి విషయం మాత్రం ఆలోచించండి. రోజుకు 5 కిలోల ఆమ్లానికి 5 కిలోల సున్నపురాయి కావాలి. 60 రోజుల సీజన్‌కి 300 కిలోలు. అది కరిగి జిప్సమ్ అవుతుంది, రాయి మీదే పొరకట్టి లోపలి రాయిని పనిచేయనివ్వదు, మిగతాది సందుల్లో పేరుకుంటుంది. ప్రెషర్ డ్రాప్ పెరగకూడదన్నది మీరే కదా? చిత్తూరు గ్రానైట్ చిప్స్ వేద్దామని కూడా ఎవరూ అనకండి, అది ఆమ్లాన్ని తగ్గించదు.

ఇంజనీర్_తిరుపతి
మీది కాగితం మీది లెక్క. సీజన్‌లో ఒక్కరోజు తేడా వచ్చినా సైట్‌లో నిలబడి జవాబు చెప్పాల్సింది మేం.

స్వర్ణముఖి
ఎవరికి చెబుతున్నారు ఆ జవాబు? ఈటీపీ గారూ, పోయిన సీజన్‌లో బెడ్ దాటిన గాలిలో ఎంత వచ్చింది? బయట వాసన ఎలా ఉంది?

ఈటీపీ_చిత్తూరు
హెచ్‌టూఎస్ మీటర్ సీజనంతా 0 చూపించింది. అయినా వెనక వీధివాళ్లు రెండుసార్లు గేటు దగ్గరికొచ్చారు. కోడిగుడ్డు కంపు కాదు, వెన్న మురిగినట్టు పుల్లటి కంపు, అప్పుడప్పుడు కుళ్లిన క్యాబేజీ వాసన.

స్వర్ణముఖి
ఇదీ అసలు సంగతి. వెన్న కంపు బ్యుటిరిక్ ఆమ్లం, క్యాబేజీ కంపు మిథైల్ మెర్కాప్టాన్. మెర్కాప్టాన్‌ని తినే హైఫోమైక్రోబియం, థయోబాసిల్లస్ థయోపారస్‌లకు పీహెచ్ 6 నుంచి 8 కావాలి. హెచ్‌టూఎస్ ఆమ్లం చేస్తున్నంతకాలం ఆ బెడ్‌లో అవి నిలవవు. స్లడ్జ్ వేసినా, కల్చర్ వేసినా అంతే.

ఇంజనీర్_తిరుపతి
టెండర్లలో రాసేది హెచ్‌టూఎస్ 99 శాతం తీయాలని. అది తీస్తే పని పూర్తయినట్టు. ఎవరి ముక్కుకో గ్యారంటీ రాసిస్తే ఏ కంపెనీ బతకదు.

స్వర్ణముఖి
50లో 99 శాతం తీస్తే అర పీపీఎం మిగులుతుంది, అంటే 500 పీపీబీ (వంద కోట్లలో 500 వంతులు). ముక్కు కొన్ని పీపీబీలకే పట్టేస్తుంది. చేతి మీటర్లలో ఎక్కువ వాటికి కనీస కొలతే 1 పీపీఎం, అర పీపీఎంకి అవి 0 చూపిస్తాయి. బయట గాలిలో పలచనవుతుందంటారేమో, సాయంత్రం గాలి స్తంభిస్తే అదీ ఉండదు. వీధిలో వాసన పోవడానికి కట్టిన బెడ్‌ని మీటర్‌తో పాస్ చేయించడం నేను ఒప్పుకోను.

ఇంజనీర్_తిరుపతి
ఒప్పుకోకపోతే మార్గం చెప్పండి. రెండో బెడ్‌కి డబ్బెవరిస్తారు? సీజన్ రెండు మూడు నెలలే.

స్వర్ణముఖి
రెండో బెడ్ అక్కర్లేదు, ముందొక చిన్న టవర్ చాలు. ఇప్పటి బెడ్‌లో గాలి 45 సెకన్లు ఉంటోంది. దానికి ముందు ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో 3.5 ఘనమీటర్ల ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) బయోట్రిక్లింగ్ టవర్ పెడితే 12 సెకన్లకు పైనే దొరుకుతుంది. అందులో నీళ్లు తిప్పుతూ పీహెచ్ 2 దగ్గరే వదిలేయండి, హెచ్‌టూఎస్‌లో ఎక్కువ భాగం అక్కడే ఆమ్లమైపోతుంది. వెనక బెడ్‌ని కారే నీళ్లు పీహెచ్ 6 దాటేదాకా కడగండి, పిండైన కంపోస్టు తీసి కొత్త చెక్క పేళ్లు వేయండి, అప్పుడు స్లడ్జ్ చల్లండి. మామిడి నీళ్లలో నైట్రోజన్, ఫాస్ఫరస్ తక్కువ, అందుకని కొంచెం యూరియా, డీఏపీ కలిపిన నీళ్లు పెట్టండి. మెర్కాప్టాన్ తినేవి కుదురుకోవడానికి వారాలు పడుతుంది, నెల ఉందంటున్నారు కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. సీజన్ అయ్యాక కూడా రోజూ కాసేపు బ్లోయర్ నడిపి బెడ్ తడిగా ఉంచండి.

ఇంజనీర్_తిరుపతి
నెలలో ఎఫ్‌ఆర్‌పీ టవర్ దొరకదు. ఈ సీజన్‌కి కల్చరే దిక్కు, నా మాట అదే.

బ్లోయరన్న
ఇంకోటి. బెడ్ కింద కారే పీహెచ్ 2 నీళ్లు యాడికి పోతా ఉండాయి? పీహెచ్ 7లో నీళ్లలోని సల్ఫైడ్ సగమే హెచ్‌టూఎస్ వాయువుగా ఉంటుంది, 8లో పదో వంతు. ఆమ్లం పడేకొద్దీ మిగతాదంతా గాలిలోకి లేస్తాది.

ఈటీపీ_చిత్తూరు
కలెక్షన్ సంపులోకే పోతోంది అన్నా. ఆ లైను మార్చి, సున్నంతో పీహెచ్ సరిచేసి ఏరేషన్ ట్యాంకుకి కలుపుతాం. టవర్ కొటేషన్ ఒకటి తెప్పిస్తున్నా, కొలతలు ఇక్కడే పెడతాను.