కందకు లేని దురద కత్తిపీటకా, బచ్చలికా?

అందరికీ నమస్కారం. చిన్న సందేహం, తెలిసినవాళ్ళు చెప్పగలరు.

సంబంధం లేని విషయంలో ఎవరైనా టెన్షన్ పడిపోతుంటే మా ఇంట్లో ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అంటారు. భావం తెలుసు. కానీ ఉన్నదున్నట్టు ఆలోచిస్తేనే తిరకాసు. దురద కందకూ రాదు, కత్తిపీటకూ రాదు కదా! వచ్చేది తరిగేవాళ్ళ చేతికి. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి చర్మానికి గుచ్చుకుంటాయి. అందుకే మా అత్తయ్య అరచేతులకు నూనె రాసుకుని గానీ కంద ముట్టుకోదు. ముక్కలు ఉడికేటప్పుడు చింతపండు పులుసు పోస్తుంది. ఇంత బాధపడే మనిషిని వదిలేసి సామెత కత్తిపీటను పట్టుకుందేమిటి?

మా ఆయన వైపువాళ్ళు ‘బచ్చలికెందుకు’ అంటారు. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర తిన్నవాళ్ళకి ఇదే సబబు అనిపిస్తుందేమో. ఒకే గిన్నెలో ఉడికేవి కాబట్టి, దురద ఉన్న కందే ఊరుకుంటే నీకేంటమ్మా అని బచ్చలిని అడగడంలో అర్థముంది. నాకైతే కత్తిపీటే ఇష్టం, వెటకారం ఎక్కువ.

మీ ఊళ్ళో ఏది అంటారు? జిల్లా పేరు కూడా రాయండి. పాత సామెతల పుస్తకాల్లో ఏ రూపం ఉందో చూసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి. చేతి దురద ప్రస్తావన ఉన్న మూడో రూపమేదైనా విన్నారా?