చర్చ: నెలసరి సరుకులు వీధి చివరి కొట్టులోనా, సూపర్‌మార్కెట్‌లోనా?

నాలుగో_అంతస్తు:
మేము రాజమండ్రికి వచ్చి మూడు నెలలైంది. ఇంతవరకు సూపర్‌మార్కెట్‌లోనే కొన్నాము. వచ్చే నెల నుంచి వీధి చివరి కిరాణా కొట్టుకు మారాలనుకుంటున్నాము. ధరల్లో తేడా ఎంత ఉంటుంది, తూకాన్ని నమ్మవచ్చునా, చీటీ రాసి ఇస్తే సరుకులు ఇంటికి పంపుతారా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పద్దు_పుస్తకం:
ధరల సంగతి అలా ఉంచండి. 2020 లాక్‌డౌన్‌లో మావారికి రెండు నెలలు జీతం రానప్పుడు, మా కొట్టు బాబాయిగారు బియ్యం, పప్పు, నూనె ఇచ్చి ఖాతాలో రాసుకున్నారే తప్ప, బాకీ కోసం ఒక్కసారి కూడా మా గుమ్మం ముందు నిలబడలేదు. అది తీర్చడానికి మాకు ఏడాది పట్టింది. ఆ తరువాత నేను పెద్ద దుకాణం గడప తొక్కలేదు.

కాటా_ముల్లు:
అరువిచ్చేవారు వడ్డీని ధరలోనే కలుపుకుంటారన్నది కూడా చెప్పండి. మా వీధి కొట్టులో కిలో కందిపప్పు పొట్లం కట్టించుకుని ఇంట్లో తూచితే 940 గ్రాములు తూగింది. అడిగితే మీ కాటాయే తప్పన్నాడు. ప్యాకెట్ మీదనైతే బరువు, గరిష్ఠ చిల్లర ధర అచ్చయి ఉంటాయి.

మిల్లు_వారసుడు:
మాకు ముప్పై ఏళ్లుగా పప్పుల మిల్లు ఉంది కనుక అధికారంగానే చెబుతున్నాను. బస్తాలోంచి మీ ఎదుట తూచి ఇచ్చే విడి పప్పుకు జీఎస్టీ లేదు, ప్యాకెట్ పప్పుకు 5 శాతం ఉంది. 2022 జులై 18న వచ్చిన ఈ మార్పు తెలియకుండా ధరలు పోల్చడం దండగ.

కాటా_ముల్లు:
తప్పు. ప్యాకెట్ పప్పు మీద పన్ను 2017 నుంచే ఉంది.

మిల్లు_వారసుడు:
అప్పట్లో బ్రాండు పేరుతో ప్యాక్ చేసిన వాటికే ఉండేది. 2022లో బ్రాండు ఉన్నా లేకపోయినా, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పు, బియ్యం, పిండి 25 కిలోల వరకు పన్ను కిందికి వచ్చాయి. బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు ఎందుకు వెలిశాయో ఎన్నడైనా ఆలోచించారా? తెలుసుకుని వాదించండి.

కాటా_ముల్లు:
అయ్యా, పన్నులో 5 శాతం మిగిలి తూకంలో 6 శాతం పోతే నాకు ఒరిగిందేమిటి?

గోంగూర_కట్ట:
మీరిద్దరూ పప్పు దగ్గరే ఆగిపోయారు. నేను అయిదు వస్తువుల చీటీతో సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న బోర్డులు చూస్తూ తిరిగి, పద్నాలుగు వస్తువులతో బయటపడ్డాను. వాటిలో షాంపూ సీసాలే మూడు. కొట్టులో గల్లాపెట్టె అవతల నిలబడి అడిగి కొంటాము కనుక ఆ బాధ లేదు.

పద్దు_పుస్తకం:
కాటా_ముల్లు గారూ, ఒక్క పొట్లం తగ్గిందని కొట్లవాళ్లందరినీ దొంగలనడం మీకు తగదు. మా నాన్నగారు ఇరవై రెండేళ్లు కొట్టు నడిపారు. తూచాక కొసరుగా పిడికెడు వేయనిదే పొట్లం కట్టేవారు కారు.

కాటా_ముల్లు:
నేను అందరినీ అనలేదమ్మా. పోయినవి నా అరవై గ్రాములు.

మిల్లు_వారసుడు:
ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా పరీక్షించి ముద్ర వేయాలి. కాటా మీద ఆ ముద్ర, సంవత్సరం చూడండి. ఖాళీ సంచి పెట్టి అంకెను సున్నాకు తెమ్మని అడగండి. అయినా తేడా వస్తే వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి, ఇక్కడ కాదు.

నాలుగో_అంతస్తు:
నిన్న కొట్టుకు వెళ్లాను. కాటా మీద ముద్ర ఉంది. కిలో పప్పు ఇంట్లో 1,010 గ్రాములు తూగింది. చిల్లర నాలుగు రూపాయలకు మాత్రం నాలుగు చాక్లెట్లు చేతిలో పెట్టారు. ఇంటికి సరుకులు పంపుతారా అన్న నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.