ముందు జాతా, ముందు గతమా? పాత్ర తయారీ దగ్గరే ఇరుక్కుపోయాను

అర్ధరాత్రి ఆట

నిన్న రాత్రి బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట మొదలుపెట్టాను. మొదలుపెట్టాను అనడం కూడా అబద్ధమే, గంటన్నర సేపు పాత్ర తయారుచేసే తెర దగ్గరే కూర్చున్నాను. పదకొండు జాతులు, పన్నెండు క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తులు), వాటి కింద నేపథ్యం పేరుతో మరో జాబితా: సైనికుడు, నేరస్థుడు, పండితుడు, వీధుల్లో పెరిగిన అనాథ, ఇంకా ఏవేవో. మీరైతే ముందు ఏది ఎంచుకుంటారు? జాతి ఎంచుకుని దానికి కథ అల్లుతారా, కథ అనుకుని దానికి తగిన జాతి వెతుకుతారా? ఈ రాత్రి కూడా ముక్కు ఆకారం దిద్దుతూ తెల్లవారకుండా చూడండి.

నాలుగో వీరుడు

ఎప్పుడూ మనిషే. ఎప్పుడూ కత్తీ డాలే. పదిహేనేళ్లుగా ఇదే.

పాత జాయ్‌స్టిక్

ప్రశ్నలోనే తప్పుంది. జాతి ఒక గడిలో, గతం ఇంకో గడిలో పెట్టారంటే ఆట తయారుచేసినవాళ్లు సగం పని మన నెత్తిన వదిలేశారని అర్థం. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ ఆడండి. పొట్టిగా, బలంగా ఉండే డ్వార్ఫ్ జాతి ఎంచుకోగానే అడుగుతుంది: రాజు బిడ్డవా, కులం లేనివాడివా? ఒర్జమార్ అనే భూగర్భ నగరంలో కులం లేనివాళ్లకు ముఖం మీద ముద్ర ఉంటుంది. వాళ్లుండే వాడ పేరు డస్ట్ టౌన్. యోధుల పోటీలో వాళ్లు పాల్గొనకూడదు. మీ పాత్ర తాగి పడిపోయిన ఒక యోధుడి కవచం తొడుక్కుని, ముఖం కనబడకుండా బరిలోకి దిగి గెలుస్తుంది. జనం చప్పట్లు కొడతారు. నిజం బయటపడి శిరస్త్రాణం తీయాల్సి వచ్చేసరికి అదే జనం ముఖాలు మారిపోతాయి. చేతులు అవే, కత్తి అదే, ముద్ర ఒక్కటే కొత్తగా కనబడింది.

అది జాతా, గతమా? విడదీసి చూపించండి. గతం లేని జాతి పగటివేషగాడి రంగు లాంటిది, సాయంత్రం కడిగేస్తే పోతుంది.

బూడిద తోక

ఆరిజిన్స్‌లో పాత్ర గతంగా ఎంచుకోవడానికి ఆరు మొదటి కథలున్నాయి. అంటే ఆరుగురికి చోటుంది. నేను ఏడోవాణ్ని అయితే?

స్కైరిమ్ అనే ఆటలో మీ పాత్ర చేతులు కట్టేసి ఉండగా బండిలో కళ్లు తెరుస్తుంది. ఎక్కడి నుంచి వచ్చాడు, ఏం చేశాడు, తల్లిదండ్రులెవరు, ఏదీ చెప్పరు. పది జాతుల్లో ఒకటి ఎంచుకో, బతుకు. నాది ఖజీత్, పిల్లి రూపంలో ఉండే జాతి. నా ఖజీత్‌కు నేను రాసుకున్న గతం నలభై పేజీల నోటు పుస్తకంలో ఉంది. దాన్ని ఏ రచయితా చెరపలేడు. మీ డ్వార్ఫ్ గతం ఎవరో జీతానికి రాసింది. నాది నేను రాసుకున్నది.

లెక్కల మాస్టారు

ఎవరూ అసలు విషయం చెప్పడం లేదు. బాల్డర్స్ గేట్ 3కి మూలమైన బల్ల మీది ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్. దాని 2014 నాటి నియమాల్లో డ్వార్ఫ్ అయితే దేహదారుఢ్యానికి రెండు పాయింట్లు కలిసేవి, కోసుగా ఉండే చెవుల ఎల్ఫ్ జాతి అయితే చురుకుదనానికి రెండు. మాంత్రికుడికి కావాల్సింది తెలివి, కాబట్టి డ్వార్ఫ్ మాంత్రికుడంటే నష్టం బేరం. 2020లో ఆ పాయింట్లను ఇష్టమొచ్చిన చోట వేసుకునే వెసులుబాటు ఇచ్చారు. 2024 పుస్తకంలో జాతి అనే మాటకు బదులు స్పీషీస్ అన్నారు, పాయింట్లను తీసుకెళ్లి నేపథ్యానికి కట్టారు. బాల్డర్స్ గేట్ 3లో ఒక దానికి రెండు, ఇంకో దానికి ఒకటి, ఎక్కడైనా వేసుకోవచ్చు. పుట్టుక లెక్క పోయి పెంపకం లెక్క వచ్చింది. చర్చ ముగిసింది.

పాత జాయ్‌స్టిక్

మాస్టారూ, చర్చ పాయింట్ల గురించి కాదు.

బూడిద తోక గారూ, మీ నలభై పేజీలు ఆటకు తెలుసా? స్కైరిమ్‌లో ఖజీత్ వర్తకులను ఊరి గోడల లోపలికి రానివ్వరు. ద్వారం బయట గుడారాలు వేసుకుని చలిలో సరుకు అమ్ముకుంటారు. మీ ఖజీత్ మాత్రం వాళ్ల పక్క నుంచే దర్జాగా లోపలికి నడిచి వెళ్తాడు. విండ్‌హెల్మ్ అనే ఊళ్లో ఆర్గోనియన్లను, అంటే బల్లి రూపంలో ఉండే జాతిని, గోడల లోపల ఉండనివ్వరు, రేవు దగ్గర కాపురం. మీరు ఆర్గోనియన్‌గా ఆడితే అదే ఊళ్లో పెద్ద ఇల్లు కొనుక్కోవచ్చు! మీ జాతిని ఆట పట్టించుకోలేదంటే మీరు ఆ జాతివారు కానట్టే.

బూడిద తోక

తప్పు. స్కైరిమ్‌లోనే వైట్‌రన్ అనే ఊరి ద్వారం దగ్గర కాపలావాడు నన్ను ఆపాడు.

పాత జాయ్‌స్టిక్

అందరినీ ఆపుతాడు. డ్రాగన్ తిరుగుతోందని ఊరు మూసేశారు. కబురు తెచ్చానంటే వదులుతాడు. దానికీ మీ తోకకూ సంబంధం లేదు.

బూడిద తోక

ఖజీత్‌తో ఆడినప్పుడు ఆపాడని నేను చెబుతున్నాను. మీరు ఖజీత్‌తో ఆడారా?

పాత జాయ్‌స్టిక్

ఆడక్కర్లేదు. అది అందరికీ రాసిన ఒకే సంభాషణ.

బూడిద తోక

అంటే ఆడలేదు.

అటక మీద పాఠకురాలు

ఆరిజిన్స్‌ను ఇంతగా పొగుడుతున్నారు కాబట్టి ఒక మాట. నేను నగరంలో ఉండే ఎల్ఫ్ అమ్మాయిగా మొదలుపెట్టాను. డెనెరిమ్ అనే ఆ నగరంలో ఎల్ఫ్‌ల వాడ చుట్టూ గోడ. ఆ రోజు నా పెళ్లి. పెళ్లి మధ్యలో జమీందారు కొడుకు మనుషులతో వచ్చి అమ్మాయిలను ఎత్తుకుపోతాడు. అబ్బాయిగా ఆడితే వరుడై రక్షించడానికి వెళ్తారు, అమ్మాయిగా ఆడితే ఎత్తుకుపోయినవాళ్లలో మీరూ ఉంటారు. ఆట ఆపేసి బయటికి వెళ్లి గిన్నెలు తోమాను. అది గొప్ప రచన కాదని అనడం లేదు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి కూర్చున్నదాన్ని, ఆ గతం నేను అడగలేదు. వారం తర్వాత మాంత్రికురాలిగా కొత్తగా మొదలుపెట్టాను.

ఇంకొకటి. 2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ రెండో భాగంలో జాతి ఎంపికే లేదు, అందరూ హాక్ అనే మనిషే. అయినా ఆ ఇంటి కథ నన్ను పట్టేసింది. మీరు మాంత్రికులైతే చెల్లెలు చనిపోతుంది, కాకపోతే తమ్ముడు చనిపోతాడు. ఎంపిక జాతిలో లేకపోయినా దెబ్బ గట్టిగానే తగిలింది.

నాలుగో వీరుడు

మనిషే. చెప్పానుగా.

పాత జాయ్‌స్టిక్

పాఠకురాలు గారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. ఆటకు మీరెవరో తెలుసు కాబట్టే నొప్పి కలిగింది. 2024లో వచ్చిన డ్రాగన్ ఏజ్ ఆట వీల్‌గార్డ్ చూడండి. నాలుగు జాతులు ఒక వరసలో, ఆరు వర్గాలు ఇంకో వరసలో. ఏదైనా దేనితోనైనా కలుపుకోవచ్చు, పెళ్లి భోజనాల్లో కూరలు వడ్డించుకున్నట్టు. అదే ఆరిజిన్స్‌లో అయితే మనుషుల్లో పెద్దింటి బిడ్డగా మొదలుపెట్టినవాడే చివర సింహాసనం పక్కన కూర్చోగలడు. డ్వార్ఫ్‌కు ఆ దారి మూసి ఉంటుంది. మూసిన తలుపు కూడా ఒక కథే. ఖాళీ పాత్రలతో ఆడేవాళ్లకు ఇది అర్థం కాదు, వాళ్లకు తోక రంగు మార్చుకుంటే చాలు.

బూడిద తోక

మూసిన తలుపు మీకు కథ కావచ్చు.

పాత జాయ్‌స్టిక్

తమ్ముడూ, కోపం ఎందుకు? ఆట గురించే మాట్లాడుకుంటున్నాం.

బూడిద తోక

నన్ను తమ్ముడూ అనకండి. నా వయసు మీకు తెలియదు, ఊరు తెలియదు. తెలియకుండానే ఉండనివ్వండి.

ఇంజినీరింగ్ మొదటి ఏడాది, హాస్టల్లో మొదటి రాత్రి. పెట్టె ఇంకా మంచం మీదే ఉంది. సీనియర్ ఒకతను వచ్చి చాలా మర్యాదగా పేరు అడిగాడు. చెప్పాను. ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. అది అతనికి సరిపోలేదు, చాలామందికి ఉండే ఇంటిపేరు. ఊరు అడిగాడు. ఊళ్లో ఏ వైపు అన్నాడు. నాన్న ఏం చేస్తారన్నాడు. అయిదో ప్రశ్నకు అతనికి కావాల్సింది దొరికింది. నవ్వి, సరే అని వెళ్లిపోయాడు. కొట్టలేదు, తిట్టలేదు. మరుసటి రోజు నుంచి మెస్సులో నా బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారో తేలిపోయింది.

ఆ సెలవుల్లో బంధువుల ఇంట్లో స్కైరిమ్ ఆడాను. బండి దిగాక సైనికుడు జాబితా చూసి నువ్వెవరు అంటాడు. నా పేరు అందులో లేదు. ఖజీత్ అని ఎంచుకుంటే బిడారుతో వచ్చావా అంటాడు, అంతే. జాబితా సంగతి వదిలెయ్యమంటుంది వాళ్ల అధికారిణి. నన్ను తల నరకడానికి తీసుకెళ్తున్నారు, నేనేమో కుర్చీలో నవ్వుతున్నాను. ఏ జాబితాలోనూ లేకపోవడం అంటే ఏమిటో మీకు తెలియదు.

మీ డ్వార్ఫ్ ముఖం మీద ముద్ర చూసి అబ్బ ఎంత లోతైన కథ అంటున్నారు. అక్కడ కొడుక్కి తండ్రి కులం, కూతురికి తల్లి కులం వస్తుందన్న నియమం కూడా మీకు రచయితల తెలివిగానే కనబడి ఉంటుంది. నేను అది ఆడటానికి డబ్బు ఎందుకు పెట్టాలి? ఉచితంగానే దొరికింది.

లెక్కల మాస్టారు

కులం లేని డ్వార్ఫ్‌కు కూడా రాజు బిడ్డకు వచ్చే బోనస్‌లే వస్తాయి. లెక్కలో ఇద్దరూ డ్వార్ఫ్‌లే.

అటక మీద పాఠకురాలు

మాస్టారూ, దయచేసి.

నిర్వాహకుడు

వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లకుండా మాట్లాడండి. చర్చ మూయడం లేదు, గమనిస్తున్నాను.

పాత జాయ్‌స్టిక్

రెండు రోజులు ఈ వైపు రాలేదు. ఖాళీ పాత్ర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడూ అన్నది కూడా. నాకు యాభై దాటింది, అలవాటుగా వచ్చేసింది.

నా సంగతీ చెబుతాను, సంజాయిషీగా కాదు. మాది కృష్ణ ఒడ్డున ఊరు. జలాశయం కింద పోయింది. అప్పుడు నాకు ఏడేళ్లు. వేసవిలో నీళ్లు తగ్గితే గుడి పైభాగం కనబడుతుంది, మా ఇల్లుండే వైపు ఒండ్రు తప్ప ఏమీ కనబడదు. ఆ ఊరివాళ్లం తలా ఒక దిక్కు వెళ్లాం. నేను మూడు రాష్ట్రాల్లో ఉద్యోగం చేశాను. ఎక్కడా ఎవరూ ఫలానావాళ్ల అబ్బాయివి కదూ అని అడగలేదు. అడిగేవాళ్లకు ఆ ఫలానా ఎవరో తెలిసుండాలి కదా. ఒకసారి బస్టాండులో ఒక ముసలాయన నా ముఖం చూసి మా తాత పేరు చెప్పాడు. ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఆయనతో రెండు గంటలు కూర్చున్నాను.

ఆరిజిన్స్‌లో నా డ్వార్ఫ్ ఎన్నో గంటల ఆట తర్వాత ఒర్జమార్‌కు తిరిగి వెళ్తాడు. పెద్దవాడై, సైన్యం అడగడానికి. అక్కడివాళ్లు ముఖం చూసి ముద్రను గుర్తుపడతారు. కొందరు చీదరించుకుంటారు. తోబుట్టువు రీకా అప్పటికి బిడ్డ తల్లి, రాజు కొడుకు ఇంట్లో ఉంటుంది. చీదరించుకున్నా సరే, వాళ్లకు నేనెవరో తెలుసు. అందుకే ఆ ఆట నాకు ఇష్టం. మీకు అందులో కనబడిన హాస్టల్ గది నాకు కనబడలేదు, ఒప్పుకుంటున్నాను.

అయినా ఖజీత్ లోపలికి నడిచి వెళ్లడం లోపమే అంటాను.

అటక మీద పాఠకురాలు

బూడిద తోక గారూ, ఒకటి అడగనా? ఎవరూ ఆరా తీయని చోటు కావాలంటున్నారు. మరి కాపలావాడు మిమ్మల్ని ఖజీత్ అని చూసే ఆపాడని ఎందుకంత పట్టుబట్టారు?

బూడిద తోక

రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

ఆపాడు. కబురుందన్నాను. లోపలికి పంపించాడు. లోపల ఎవరూ ఏ వైపు నుంచి వచ్చావని అడగలేదు. నాకు కావాల్సింది ఆ రెండోది. వాడు నా తోక చూడలేదంటే, చూసి కూడా పంపించాడని చెప్పుకోవడానికి ఉండదు కదా. చూడాలి, చూసి పంపించాలి. జాయ్‌స్టిక్ గారు చెప్పినట్టు అది అందరికీ రాసిన సంభాషణ అయితే నా నోటు పుస్తకంలో మొదటి పేజీ తప్పు.

కోరపళ్ల ఓర్క్ జాతితో ఆడితే వాళ్ల కోటల్లోకి ఏ పరీక్షా లేకుండా సొంతవాడివని రానిస్తారు, వేరే జాతివాళ్లు ముందు వాళ్లకు ఒక పని చేసిపెట్టాలి. అది కూడా స్కైరిమే. జాయ్‌స్టిక్ గారూ, ఆ ఆటలో మీకు నచ్చే చోటు అదొక్కటే అనుకుంటాను. ఒకసారి వెళ్లి రండి.

పాత జాయ్‌స్టిక్

ఓర్క్‌గానా? ముఖం చూడలేం కదండీ. సరే, వెళ్తాను.

అర్ధరాత్రి ఆట

ఇన్ని పోస్టులు చదివాను. చివరికి డ్రో, అంటే చీకటి ఎల్ఫ్ జాతి, తీసుకున్నాను, నేపథ్యం వీధుల్లో పెరిగిన అనాథ. గోబ్లిన్లు నన్ను చూసి భయంతో దారి ఇచ్చారు. నాకు దారి ఇవ్వడం ఇష్టమో, ఇవ్వకపోవడం ఇష్టమో తేల్చుకోలేక ఆటను అక్కడే సేవ్ చేసి పడుకున్నాను. పేరు మాత్రం ఇప్పటికీ ఆట ఇచ్చిందే ఉంది.

నాలుగో వీరుడు

ఇప్పుడే నార్డ్ అనే మనుషుల జాతితో వైట్‌రన్‌కు వెళ్లి చూశాను. నన్నూ ఆపాడు.