దగ్గు మందు, బుప్రోపియాన్ కలిపి డిప్రెషన్‌కు ఇవ్వవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా అక్కకు చాలాకాలంగా డిప్రెషన్. ఎస్సిటలోప్రామ్ వాడుతోంది. నిద్ర కుదిరింది గానీ దేనిమీదా మనసు పెట్టలేకపోతోంది. డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి అక్కడి డాక్టరు ఒక మాత్ర రాశారు. అందులో దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, దానితోపాటు బుప్రోపియాన్ ఉన్నాయట. నెల తిరగకుండానే తేలికపడ్డానని చెప్పాడు. రెండూ మన దగ్గర దొరికేవే కదా, విడివిడిగా కొని అక్కకు ఇవ్వవచ్చా? అసలు దగ్గు మందుకూ డిప్రెషన్‌కూ సంబంధం ఏమిటి?

జవాబు (ఫార్మసిస్టు): తమ్ముడూ, దయచేసి ఇవ్వకండి. ఎందుకో వివరంగా రాస్తాను.

ఆ మాత్ర పేరు ఆవెలిటీ. పెద్దవారి డిప్రెషన్‌కు అమెరికాలో మందులకు అనుమతినిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో దాన్ని అనుమతించింది. ఒక్కో మాత్రలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ 45 మిల్లీగ్రాములు, బుప్రోపియాన్ 105 మిల్లీగ్రాములు ఉంటాయి. మెదడులో ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాలు, అంటే కణాల మీద సంకేతాలు అందుకునే భాగాలు ఉంటాయి. మత్తుమందుగానూ డిప్రెషన్‌కూ వాడే కెటమిన్ పనిచేసేది వాటి మీదే. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా వాటిని అడ్డుకోగలదు. కానీ ఒంటరిగా మింగితే అంతదాకా చేరదు. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని చకచకా మార్చేస్తుంది. బుప్రోపియాన్ ఆ ఎంజైమ్‌ను అణచిపెడుతుంది. తూము మూస్తే చెరువులో నీరు నిలిచినట్టు మందు రక్తంలో నిలుస్తుంది. పైగా బుప్రోపియాన్ తనంతట తానే డిప్రెషన్ మందు.

ఈ ఉపాయం అంతకుముందే ఉంది. అదుపు లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొచ్చే ఒక నరాల సమస్యకు 2010లోనే అమెరికాలో ఇదే దగ్గు మందును క్వినిడిన్‌తో కలిపి అనుమతించారు. క్వినిడిన్ గుండె లయ మందు. అక్కడ మాత్రం చిన్న మోతాదులో, ఎంజైమ్‌ను ఆపడానికే వేస్తారు.

ఇంట్లో ఎందుకు కుదరదంటే, సిరప్ సీసా తిప్పి వెనక లేబుల్ చదవండి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పక్కనే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ వంటివి చాలా సీసాలలో కనబడతాయి. మోతాదు పెంచితే అవీ పెరుగుతాయి: మగత ఒకవైపు, బీపీ మరోవైపు. ఆ మాత్ర మందును నెమ్మదిగా వదిలేలా తయారైంది, సిరప్ అలా కాదు. అసలు భయం ఎస్సిటలోప్రామ్‌తోనే. అది మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందు. దానితో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కలిసి, అదీ రక్తంలో పేరుకుంటే సెరటోనిన్ మితిమీరవచ్చు. వణుకు, చెమటలు, కండరాలు అదరడం, గుండె దడ, జ్వరం, తికమక కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూర్ఛ ఉన్నవారికి, తిండికి సంబంధించిన అనొరెక్సియా, బులీమియా ఉన్నవారికి బుప్రోపియాన్ అసలు పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు: చాలా కృతజ్ఞతలండీ. అక్క బీపీకి మెటోప్రోలాల్ కూడా వాడుతోంది. దానికీ దీనికీ ఏమైనా లంకె ఉందా?

జవాబు (ఫార్మసిస్టు): ఉంది, ఇది చెప్పి మంచిపని చేశారు. మెటోప్రోలాల్‌ను విరిచేదీ ప్రధానంగా ఆ ఎంజైమే. బుప్రోపియాన్ మొదలైతే అదే మోతాదు మాత్ర ఎక్కువ మోతాదులా పనిచేయవచ్చు. నాడి మందగిస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. రేపు డాక్టరుగారే బుప్రోపియాన్ రాసినా ఈ మాత్ర సంగతి ఆయనకు తెలిసి తీరాలి. గుండె డాక్టరు చీటీ ఒకచోట, మానసిక వైద్యుల చీటీ ఇంకోచోట ఉండటం మన ఇళ్లలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం.

మరో సభ్యురాలు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత టామాక్సిఫెన్ ఇస్తున్నారు. దిగులుగా ఉంటోందని వేరే డాక్టరుగారు పారాక్సెటిన్ రాశారు. ఇక్కడా ఇదే చిక్కా?

జవాబు (ఫార్మసిస్టు): అమ్మా, ఇక్కడ చిక్కు తిరగబడుతుంది. టామాక్సిఫెన్ ఒంట్లో ఎండాక్సిఫెన్‌గా మారితేనే బాగా పనిచేస్తుంది. ఆ మార్పు చేసేది సీవైపీ2డీ6. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్ మూడూ దాన్ని గట్టిగా ఆపుతాయి. అంటే క్యాన్సర్ మందు బలం తగ్గే ప్రమాదం. పారాక్సెటిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, హఠాత్తుగా మానితే తల తిరుగుడు, ఆందోళన వస్తాయి. ఈ వారంలోనే క్యాన్సర్ డాక్టరుగారికి రెండు చీటీలూ చూపించండి. ఆ ఎంజైమ్‌ను అంతగా తాకని వెన్లాఫాక్సిన్ లాంటివి ఉన్నాయి, ఏది తగునో వారే చెబుతారు.

ప్రశ్న అడిగినవారు: అయితే అక్క విషయంలో డాక్టరుగారిని ఏమని అడగాలి?

జవాబు (ఫార్మసిస్టు): ఒక కాగితం మీద అక్క మింగేవన్నీ రాయండి: బీపీ మాత్ర, జలుబు మందు, ఆయుర్వేద చూర్ణం సహా. ఎస్సిటలోప్రామ్ ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటినుంచి, మధ్యలో ఎన్నాళ్లు మానేసిందో రాయండి. థైరాయిడ్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే దాని గురించి అడగండి, థైరాయిడ్ తగ్గినా మనసు ఇలాగే మొద్దుబారుతుంది. ఆ తరువాత “మోతాదు మార్చాలా, మందు మార్చాలా, ఇంకొకటి జోడించాలా?” అని నేరుగా అడగండి. డాలస్ మాత్ర సంగతీ దాచకుండా చెప్పండి. ఈలోగా అక్క చనిపోవాలనే మాట ఏ రూపంలో అన్నా ఒంటరిగా వదలకండి, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళకైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.