ఎల్బీనగర్ నుంచి సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌కు మెట్రోలో: అమీర్‌పేటలో మారాలా, ఎంజీబీఎస్‌లో మారాలా?

సూర్యాపేట_రోడ్డు (ప్రశ్న)

నమస్కారం అండి. అమ్మానాన్న సూర్యాపేట నుంచి ఆర్టీసీ బస్సులో వస్తున్నారు, సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలు ఎక్కాలి. రెండు సూట్‌కేసులు, ఒక చేసంచి ఉంటాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే సిటీ ట్రాఫిక్ తప్పుతుందని అనుకుంటున్నాం.

మ్యాప్‌లో చూస్తే రెండు దారులున్నాయి. రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వెళ్లి బ్లూ లైన్‌కు మారడం ఒకటి, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్)లో గ్రీన్ లైన్‌కు మారడం ఇంకొకటి. పైగా సికింద్రాబాద్ ఈస్ట్, సికింద్రాబాద్ వెస్ట్ అని రెండు స్టేషన్లు కనిపిస్తున్నాయి. ఏది రైల్వేస్టేషన్‌కు దగ్గర? లైన్ మారేటప్పుడు మళ్లీ టికెట్ తీసుకోవాలా? మ్యాప్‌లో నాగోలు కూడా ఎల్బీనగర్ పక్కనే ఉంది కదా, అక్కడి నుంచి బ్లూ లైన్ ఎక్కడం నయమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మూడులైన్లు

ముందు స్టేషన్లు లెక్కపెట్టండి, సగం సందేహం అక్కడే తీరిపోతుంది. మన మెట్రోలో ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు, ఆగే సమయంతో కలిపి, సుమారు 2 నిమిషాలు వేసుకోవచ్చు.

అమీర్‌పేట దారి: ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు 16 స్టేషన్లు. అక్కడ బ్లూ లైన్‌లో నాగోలు వైపు వెళ్లే రైలెక్కితే బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పురా, ప్యారడైజ్, పరేడ్ గ్రౌండ్ దాటాక ఆరో స్టేషన్ సికింద్రాబాద్ ఈస్ట్. మొత్తం 22.

ఎంజీబీఎస్ దారి: ఎల్బీనగర్ నుంచి ఎంజీబీఎస్‌కు 7 స్టేషన్లే. అక్కడి నుంచి గ్రీన్ లైన్‌లో సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ హాస్పిటల్, ఆ తర్వాత సికింద్రాబాద్ వెస్ట్. మొత్తం 14. అంటే ఎనిమిది స్టేషన్లు ఆదా, సుమారు పావుగంట.

కానీ రైల్వేస్టేషన్‌కు ఎక్కువ దగ్గరగా ఉన్నది ఈస్ట్. వెస్ట్ నుంచి కూడా నడవొచ్చు గానీ, సూట్‌కేసులు లాక్కుంటూ ఆ రద్దీ రోడ్డు మీద మీ అమ్మగారిని నడిపించడం మంచిది కాదు. వెస్ట్‌లో దిగితే కిందికి రాగానే ఆటో మాట్లాడుకోండి. లేదంటే వెస్ట్‌లో దిగకుండా ఇంకో స్టేషన్ ముందుకు, గ్రీన్ లైన్ చివరిదైన జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, బ్లూ లైన్‌కు మారి ఒక్క స్టేషన్ వెనక్కి వస్తే ఈస్ట్. అప్పుడు మొత్తం 16 స్టేషన్లు, రెండు మార్పులు. జేబీఎస్ పరేడ్ గ్రౌండ్, పరేడ్ గ్రౌండ్ అనేవి రెండు వేర్వేరు కట్టడాలు, మధ్యలో వంతెన మీదుగా నడవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఈ రెండో మార్పు బరువే. నా ఓటు వెస్ట్ + ఆటోకే.

లైన్ మారడానికి రెండో టికెట్ అక్కర్లేదు. గేటు దాటి బయటికి రాకుండా లోపల్నుంచే వెళ్లాలి, అంతే. పొరపాటున బయటికి వచ్చేస్తే మాత్రం ప్రయాణం అక్కడితో ముగిసినట్టు. మళ్లీ కొత్త టికెట్టే.

పిల్లర్_నంబర్

పైన చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. కానీ అసలు ఎల్బీనగర్‌లో ఎందుకు దిగాలి అన్నది ఎవరూ అడగలేదు.

సూర్యాపేట బస్సుల్లో చాలావాటికి ఎంజీబీఎస్సే ఆఖరి స్టాపు. మెట్రో స్టేషన్ ఆ బస్‌స్టేషన్‌ను ఆనుకునే ఉంది. బస్సులోనే కూర్చుని ఎంజీబీఎస్ దాకా వస్తే మెట్రో లోపల లైన్ మారే పనే ఉండదు. నేరుగా గ్రీన్ లైన్ ప్లాట్‌ఫాంకు వెళ్లి ఒకే రైలులో సికింద్రాబాద్ వెస్ట్ చేరతారు. ఎల్బీనగర్‌లో హైవే పక్కన సామాను దింపుకుని, రోడ్డు దాటి, మెట్రో పైకెక్కి, మళ్లీ ఎంజీబీఎస్‌లో దిగి ఇంకా పైకెక్కడం కంటే ఇది ఎంతో తేలిక.

ఇంకో లాభం: గ్రీన్ లైన్ ఎంజీబీఎస్‌లోనే మొదలవుతుంది. రైలు ఖాళీగా వచ్చి నిలబడుతుంది, పెద్దవాళ్లకు సీటు దొరుకుతుంది. అమీర్‌పేటలో సాయంత్రం పూట బ్లూ లైన్‌లో సామానుతో లోపలికి వెళ్లడమే కష్టం, ఇక కూర్చోవడం మాట మర్చిపోవాల్సిందే.

నష్టం కూడా చెప్పాలి. ఎల్బీనగర్ నుంచి ఎంజీబీఎస్ వరకు బస్సు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా వస్తుంది. ఆఫీసులు వదిలే వేళ ఆ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మెట్రోకు ఆ ముక్క 14, 15 నిమిషాలు. కాబట్టి బస్సు మధ్యాహ్నం మూడింటిలోపు ఎల్బీనగర్ చేరితే కదలకుండా కూర్చోమనండి. ఐదు దాటాక చేరితే ఎల్బీనగర్‌లో దిగి రెడ్ లైన్ ఎక్కమనండి. ఎక్కే ముందు బస్సు బోర్డు మీద ఎంజీబీఎస్ అని ఉందో లేదో చూసుకోవాలి, అన్ని బస్సులూ అక్కడికి రావు.

ఇక నాగోలు సంగతి. ఎల్బీనగర్, నాగోలు మధ్య రోడ్డు మీద సుమారు 5 కిలోమీటర్లే. కానీ ఈ రెండూ వేర్వేరు లైన్ల చివరలు, వాటి మధ్య మెట్రో లేదు. మెట్రోలోనే వెళ్లాలనుకుంటే అమీర్‌పేట తిరిగి 29 స్టేషన్లు, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్‌ల మీదుగా 23 స్టేషన్లు. ఎవరూ చేయని పని. ఎల్బీనగర్‌లో ఆటో మాట్లాడుకుని నాగోలు వెళ్తే, అక్కడి నుంచి ఈస్ట్‌కు 7 స్టేషన్లు, మార్పు లేదు, ఎక్కేది మొదటి స్టేషన్ కనుక సీటు కూడా ఖాయం. నాగోలు దాకా ఆటోకు డబ్బు పెట్టగలిగితే ఇది కూడా మంచి దారే. రెండో దశ ప్రతిపాదనలో నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 36.8 కిలోమీటర్ల లైన్ ఉంది. అది వస్తే ఈ ఖాళీ పూడుతుంది. ఈ నగరానికి అన్నిటికంటే ముందు కావల్సిన ముక్క ఇదేనని నా గట్టి అభిప్రాయం.

కాన్‌కోర్స్

స్టేషన్ లోపల ఎలా నడవాలో రాస్తాను, పెద్దవాళ్లకు ఇబ్బంది అంతా అక్కడే.

మన మెట్రో మొత్తం పిల్లర్ల మీదే, భూమి కింద ఒక్క స్టేషనూ లేదు. అంటే ప్రతి స్టేషన్‌లోనూ రోడ్డు నుంచి కాన్‌కోర్స్‌కు (టికెట్ కౌంటర్లు, గేట్లు ఉండే మధ్య అంతస్తు) ఒకసారి, అక్కడి నుంచి ప్లాట్‌ఫాంకు మరోసారి ఎక్కాలి. రోడ్డు మీది నుంచి లిఫ్టు కాన్‌కోర్స్ వరకే వస్తుంది. తనిఖీ, టికెట్ గేటు దాటాక ప్లాట్‌ఫాంకు వెళ్లే లిఫ్టు వేరే. "పైకి తీసుకెళ్లింది కదా, రైలేదీ" అని చాలామంది తికమకపడేది ఇక్కడే.

లిఫ్టు ఎస్కలేటర్ పక్కనే కనిపించదు, కొన్నిచోట్ల రోడ్డుకు అవతలి వైపు మెట్ల దగ్గర ఉంటుంది. అందుకని ఆటోవాలాకు స్టేషన్ పేరు ఒక్కటే కాకుండా లిఫ్టు ఉన్న వైపు దింపమని చెప్పాలి. తప్పు వైపు దిగినా రోడ్డు దాటొద్దు. కాన్‌కోర్స్‌లో గేటుకు ఇవతల ఉన్న భాగంలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగొచ్చు.

గేట్ల వరసలో ఒకటి వెడల్పుగా ఉంటుంది, వీల్‌చెయిర్ల కోసం. సూట్‌కేసులతో దాంట్లోంచే వెళ్లమనండి. మామూలు గేటులో మనిషి ముందు వెళ్లి సామాను వెనక ఉంటే రెక్కలు మధ్యలో మూసుకుంటాయి. పెట్టె ముందు, మనిషి వెనక.

ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్ కింది అంతస్తుల్లో, గ్రీన్ లైన్ పై అంతస్తుల్లో ఉంటుంది. అమీర్‌పేటలో కూడా రెడ్ కింద, బ్లూ పైన. అంటే రెడ్ దిగినవాళ్లు రెండుచోట్లా పైకే వెళ్లాలి. ఎంజీబీఎస్ విశాలమైన స్టేషన్, లిఫ్టు దగ్గర గుంపు తక్కువ. అమీర్‌పేటలో సాయంత్రం లిఫ్టు రెండు మూడుసార్లు వెళ్లొచ్చే దాకా ఆగాల్సి రావచ్చు. ఈ ఒక్క కారణం చాలు ఎంజీబీఎస్ వైపు మొగ్గడానికి.

ప్లాట్‌ఫాం మీద ఇంకో విషయం. ప్లాట్‌ఫాంలు ఆరు బోగీల రైలుకు సరిపడా పొడవుతో కట్టారు, నడుస్తున్నవి మూడు బోగీలవి. ప్లాట్‌ఫాం కొసన నిలబడితే రైలు వాళ్ల దాకా రాదు, తలుపులు మూసుకునేలోపు పరుగెత్తాలి. జనం గుమిగూడిన చోట, నేల మీద బాణం గుర్తులున్న చోట నిలబడమనండి. ఇద్దరూ ఒకే తలుపు దగ్గర ఎక్కాలి. ఒకరు ఎక్కి ఒకరు ఉండిపోతే ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి, వెనక్కి రాకూడదు. రెండోవాళ్లు తర్వాతి రైలులో వస్తారు. ఈ మాట ముందే అనుకుని ఉంటే కంగారుండదు.

టికెట్ ఇద్దరికీ ఫోన్‌లో ఒకేచోట కొంటే ఫోన్ ఉన్నవాళ్లు ముందు దాటేసి రెండోవాళ్లు గేటుకు అవతల ఇరుక్కుంటారు. కౌంటర్‌లో చెరొక కాగితం క్యూఆర్ టికెట్ తీసుకుని ఎవరిది వాళ్ల చేతిలో పెట్టడం మేలు. దిగేటప్పుడు గేటు దగ్గర మళ్లీ అదే చూపించాలి కాబట్టి మడతపెట్టి నలపొద్దు. కోడ్ మీద ముడత పడితే యంత్రం చదవదు, కస్టమర్ కేర్ కౌంటర్ చుట్టూ తిరగాలి. ఛార్జీ 2025 మే 24 నుంచి కనిష్ఠం 11 రూపాయలు, గరిష్ఠం 69.

సూర్యాపేట_రోడ్డు

చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. బస్సు మధ్యాహ్నం రెండున్నరకు ఎల్బీనగర్ వస్తుంది, కాబట్టి ఎంజీబీఎస్ దాకా వచ్చి గ్రీన్ లైన్ ఎక్కమంటాను. ఇంకో సందేహం: తిరుగు ప్రయాణంలో రైలు రాత్రి 10:40కి వస్తుంది. అప్పుడు ఇదే దారిలో వెనక్కి రావచ్చా? ఎల్బీనగర్‌లో చుట్టాలింట్లో పడుకుంటారు.

ప్లాట్‌ఫాం_పది

ముందు వెళ్లేటప్పటి టికెట్, వచ్చేటప్పటి టికెట్ రెండూ తీసి స్టేషన్ కోడ్ చూడండి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి, ఇతర స్టేషన్లకు మార్చారు. కోడ్ ఎస్‌సీ అని ఉంటేనే సికింద్రాబాద్. సీహెచ్‌జెడ్ అంటే చర్లపల్లి, కేసీజీ అంటే కాచిగూడ, హెచ్‌వైబీ అంటే నాంపల్లి. ఇంట్లో అందరూ "సికింద్రాబాద్ రైలు" అనే అలవాటులో కోడ్ చూడకుండా బయల్దేరితే రైలు తప్పుతుంది.

నాంపల్లి అయితే రెడ్ లైన్‌లోనే, ఎల్బీనగర్ నుంచి పదో స్టేషన్, మార్పు లేదు. కాచిగూడకు ఎంజీబీఎస్ నుంచి ఆటో. చర్లపల్లికి మెట్రో లేదు. బ్లూ లైన్‌లో హబ్సిగూడ, ఉప్పల్ వైపు దిగి రోడ్డు మీద వెళ్లాలి. మీవాళ్లకైతే ఎల్బీనగర్ నుంచే క్యాబ్ మాట్లాడటం నయం, మెట్రోతో పని లేదు.

సికింద్రాబాద్ అయినా పనుల వల్ల లోపలికి వెళ్లే దారులు మారుతున్నాయి. ప్లాట్‌ఫాం నంబర్ తెలుసుకుని ఏ వైపు గేటు తెరిచి ఉందో అదే రోజు కనుక్కోండి. మెట్రో దిగాక కనీసం 45 నిమిషాలు చేతిలో ఉండాలి.

మూడులైన్లు

రాత్రి ప్రశ్నకు జవాబు: వద్దు. 2025 నవంబరు 3 నుంచి అన్ని రోజులూ ఉదయం 6కు మొదటి రైలు, రాత్రి 11కు చివరి రైలు. అయితే ఆ 11 అనేది లైన్ కొసనున్న స్టేషన్ నుంచి రైలు బయల్దేరే సమయం. ఒకే లైన్‌లో వెళ్లేవాళ్లకు ఇది సరిపోతుంది, మారాల్సినవాళ్లకు సరిపోదు.

లెక్క చూడండి. 10:40కి రైలు వచ్చినా, సామాను దింపుకుని వెస్ట్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీదికి చేరేసరికి 11 అవుతుంది. జేబీఎస్‌లో 11కు బయల్దేరిన ఆఖరి గ్రీన్ లైన్ రైలు దొరికినా ఎంజీబీఎస్ చేరేది 11:15 దాటాకే. మియాపూర్‌లో 11కు బయల్దేరే ఆఖరి రెడ్ లైన్ రైలుకు ఎంజీబీఎస్ 19వ స్టేషన్, అంటే 11:40 ప్రాంతంలో వస్తుంది. కాగితం మీద అందుతుంది. కానీ ఇదంతా రైలు సరిగ్గా 10:40కే వస్తేనే. పది నిమిషాలు లేటైతే గ్రీన్ లైన్ పోయినట్టే. గ్రీన్ లైన్‌లో రైళ్ల మధ్య ఎడం కూడా మిగతా రెండింటికంటే ఎక్కువ.

ఎల్బీనగర్ వైపు నుంచి బయల్దేరేవాళ్లకు పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ 11కు ఎక్కితే ఎంజీబీఎస్ చేరేసరికి ఆఖరి గ్రీన్ లైన్ రైలు వెళ్లిపోయి ఉంటుంది. అమీర్‌పేట చేరేది 11:30కి, అప్పటికి రాయదుర్గంలో 11కు బయల్దేరిన నాగోలు రైలు కూడా దాటిపోయి ఉంటుంది. లైన్ మారాల్సినవాళ్లు మొదటి రైలు పదిన్నరలోపు ఎక్కాలి.

మీవాళ్ల కోసం ఆ రాత్రి క్యాబ్ ముందే బుక్ చేసి పెట్టండి. రాత్రి పదకొండుకు ఉప్పల్ మీదుగా ఎల్బీనగర్ రోడ్డు పగటిలా ఉండదు, త్వరగానే చేరతారు.