బతకనేర్చినవాడు: మెప్పా, దెప్పా?

ఎవరి గురించో ఒకాయన "వాడు బతకనేర్చినవాడండీ" అనగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఈత నేర్చినవాడు అంటే ఎవరూ నవ్వరు. నేర్పు, నేర్పరి కూడా గౌరవమున్న మాటలే. మరి బతకడం నేర్చినవాడిలో మాత్రం మనకు మాయగాడు ఎందుకు కనిపిస్తాడు?

జవాబు: అన్నిసార్లూ దెప్పు కాదండీ. "మావాడు బతకనేర్చాడు, ఇక బెంగలేదు" అనే తల్లి మెచ్చుకుంటున్నట్టే కదా. మనవాడైతే మెప్పు, పైవాడైతే దెప్పు. లౌక్యం సంగతీ అంతే.

జవాబు: దీని ఎదురుమాట మా నాన్నకు బిరుదు: "బతకడం చేతకానివాడు". ఆయన స్టోర్ చూసేవారు. ఒకసారి పది బస్తాలు తక్కువొస్తే, మొత్తం అందినట్టు సంతకం పెట్టమన్నారు. పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశారు. ఆ ఏడు ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళింది. "నీకు బతకడం చేతకాదురా" అని పెదనాన్న గంటసేపు తిట్టాడు. తన ఇంటి కాగితాలు దాచమని తెచ్చింది మాత్రం నాన్న దగ్గరికే.

జవాబు: చిక్కంతా 'బతుకు'లోనే ఉంది. "బాగా బతికిన కుటుంబం", "బతికి చెడ్డవాళ్ళు" అన్నప్పుడు బతకడమంటే కలిమీ, పరువూ రెండూ. అక్కడ 'చెడ్డ' అంటే ఆస్తి పోయిందని, దుర్మార్గులని కాదు. బాగుపడ్డాడు అన్న మాట చూడండి, డబ్బు సంపాదించినా అంటాం, తాగుడు మానినా అంటాం! "చెడపకురా చెడేవు"లోనూ ఒకే ధాతువు రెండు పనులు చేస్తోంది. మంచితనమూ కలిమీ ఒకే మాటలో ఇమిడిపోయిన భాష మనది. మోసగాడు పైకి రావడం కళ్ళారా చూస్తాం, 'బాగుపడ్డాడు' అనడానికి నోరు రాదు. అందుకే 'బతకనేర్చాడు' అని సరిపెడతాం. ఇది నా ఊహే, నిఘంటువు మాట కాదు.

జవాబు: నీతి కూడా మొదట్నుంచీ పత్తిగింజేమీ కాదు లెండి. సంస్కృతంలో 'నీ' అంటే నడిపించడం, రాజనీతిలో ఎత్తులు కూడా ఉంటాయి. 1853 నాటి చిన్నయసూరి పుస్తకం పేరు నీతిచంద్రిక. అందులోనే దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ మధ్య పుల్లలు పెట్టి ఎద్దును చంపిస్తుంది.

మొదటి పోస్టు పెట్టినది నేనే: దమనకుడు అచ్చంగా బతకనేర్చిన నక్క! ఇంకో అనుమానం. ఆడవాళ్ళని "బతకనేర్చినది" అనడం నేను పెద్దగా వినలేదు, "గడుసుది" అనేస్తారు. మీ వైపు ఏమంటారు?